తొమ్మిది కిలోమీటర్లు

(పదో తరగతి విద్యార్థిని)

తమిళనాడు అనగానే చాలామందికి ఎండలు గుర్తొస్తాయి. మా హోసూరు అట్లా కాదు. ఇది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు ఇక్కడికి నలభై కిలోమీటర్లే. కార్తీకం పోయి మార్గశిరం వచ్చిందంటే తెల్లారుజామున మంచు కమ్ముకుంటుంది. ఎదురుగా వచ్చే బస్సు లైట్లు కనబడతాయి గాని బస్సు కనబడదు. అవ్వలు తలకు తువ్వాలు చుట్టుకొని పొయ్యి ముందునుంచి కదలరు. తెల్లదొరలు మా ప్రాంతాన్ని, ముఖ్యంగా తళి వైపును, చిన్న ఇంగ్లాండు అనేవారట.

ఇంత చలిలో ఆదివారం పొద్దున్నే ఇరవై ముప్పైమంది సైకిళ్ళెక్కి ఊళ్ళు తిరుగుతారు. "వీళ్ళకు పనీ పాటా లేదా?" అంటుంది మా అవ్వ. ఈ చలికాలం వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నవంబరు రెండో వారం నుంచి జనవరి చివరిదాకా పన్నెండు ఆదివారాల్లో తొమ్మిది ఆదివారాలు వెళ్ళాను. మిగిలిన మూడింటిలో ఒకటి వాన, రెండు అర్ధసంవత్సర పరీక్షలు.

"పదో తరగతిలో ఈ సైకిలు తిరుగుడేంది?" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. మా టీచర్లలో కూడా ఒకరిద్దరు అడిగారు. వాళ్ళందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు ఉంటుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మా బడి పదో తరగతిదాకానే. మా పల్లెనుంచి బడికి రెండు కిలోమీటర్లు, నడిచే వస్తాము. పదకొండో తరగతి, అంటే ప్లస్ వన్, చదవాలంటే హోసూరు పోవాలి. మా ఇంటి గడపనుంచి అక్కడి బడి గేటుదాకా తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదింపావుకు ఒక బస్సు ఉంది. అది మా ఊరికి వచ్చేసరికే మెట్లమీద కూడా మనుషులు నిలబడి ఉంటారు. సాయంత్రం బస్సును నమ్ముకుంటే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. ఇప్పుడు మంచి రోజులే గాని, చలికాలంలో ఆరు గంటలకే చీకటి.

పోయినేడు మా వీధిలో అయిదుగురు అక్కలు పదో తరగతి పాసయ్యారు. ఒక్కరే ప్లస్ వన్‌లో చేరింది. ఆ అక్కకు హోసూరులో పెద్దమ్మ ఇల్లు ఉంది. మిగిలిన నలుగురిలో ముగ్గురు గులాబీ తోటల్లో పూలు కోసి కట్టలు కట్టే పనికి పోతున్నారు. ఇంకొకరు ఇంట్లోనే ఉంది. నలుగురికీ నాలుగు వందలకు పైనే మార్కులు వచ్చాయి. చదువు రాక ఆగిపోయినవాళ్ళు కారు.

ఈ యేడు మేము నలుగురం. మా నాయన చదువు వద్దనే మనిషి కాదు. "చదువు సరేమ్మా, పోయేదెట్ల?" అన్నాడు. అంతే. ఆ ఒక్క ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

సైకిలు ఇంట్లోనే ఉంది. మా రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లోనూ, ప్రభుత్వ సాయం అందుకునే బడుల్లోనూ పదకొండో తరగతి పిల్లలకు సైకిలు ఉచితంగా ఇస్తారు. మా అన్నకు కూడా ఇచ్చారు. అన్న చదువు ముగించి కంపెనీలో చేరి మోటారు బండి కొన్నాక ఆ సైకిలు ఆవులకు గడ్డి మోసే పనికి వచ్చింది. నేనూ ప్లస్ వన్‌లో చేరితే నాకూ ఒకటి వస్తుంది. ఇక్కడే తిరకాసు. సైకిలు చేతికి రావాలంటే ముందు బడిలో చేరాలి. బడిలో చేరాలంటే పోయే దారి ఉండాలి. ఆ దారికి సైకిలు ఉండాలి. మా అన్నకైతే బడి తెరిచిన చాలా నెలలకు గాని అది రాలేదు.

దీపావళి అయిన తరువాతి ఆదివారం ఆ సైకిల్ సంఘంవాళ్ళు మా వీధిలో ఆగారు. ఒకరి టైరు పంక్చరైంది. చింతచెట్టు కింద అందరూ దిగి, కొందరు ట్యూబు మారుస్తుంటే మిగిలినవాళ్ళు నీళ్ళు అడిగారు. మా ఇంటికి వచ్చిన అక్క ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీకి కూడా సైకిలు మీదే పోతుందంట. గోడకు ఆనించిన అన్న సైకిలు చూసి, "ఇది ఎవరిది? గడ్డి తాడు కట్టినారే, పాపం" అని నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. మాటల్లో నా చదువు సంగతి వచ్చింది. "తొమ్మిది కిలోమీటర్లా? మేము ఈ పొద్దు ముప్పై తొక్కినాము. మాలో ఒకాయనకు అరవైమూడేండ్లు" అంది నర్సక్క. అమ్మ ఆ పెద్దాయన వైపు చాలాసేపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

తరువాతి శనివారం అన్న సైకిలు హోసూరులో రిపేరుకు ఇచ్చాను. సంఘంలో ఉన్న సైకిలు షాపు అన్న చక్రాలు విప్పి గ్రీజు పెట్టి, బ్రేకు రబ్బర్లు మార్చి, చైనుకు నూనె వేసి ఇచ్చాడు. మొత్తం 340 రూపాయలు. అవ్వ తన పెన్షను డబ్బుల్లోంచి ఇచ్చింది. "పనీ పాటా లేదా" అన్న అవ్వే! సీటు ఎత్తు సరిచేయడం కూడా ఆ అన్నే నేర్పించాడు. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాచినట్టు, మోకాలు కొంచెమే వంగినట్టు ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే తొందరగా మోకాళ్ళు నొప్పి పుడతాయి. మా ఊళ్ళో అందరూ ఇంతకాలం సీటు కిందికి దించుకొనే తొక్కుతున్నాము, సైకిలంటేనే మోకాలు నొప్పి అనుకుంటున్నాము.

సంఘం నియమాలు ఎక్కువ లేవు. హెల్మెట్ పెట్టుకోవాలి. లేనివాళ్ళకు సంఘమే ఇస్తుంది. వెనక ఎర్ర లైటు ఉండాలి. పెద్ద రోడ్డుమీద ఒకరి వెనక ఒకరే పోవాలి, పక్కపక్కన పోతూ కబుర్లు చెప్పకూడదు. ముందున్నవాళ్ళు గుంత చూస్తే అరిచి వెనకవాళ్ళకు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. గుంపు వేగం ఎంత ఉండాలో నిర్ణయించేది అందరికంటే మెల్లగా తొక్కేవాళ్ళు. ముందున్నవాళ్ళు ఎంత బలంగా తొక్కగలిగినా ఆ వేగం దాటకూడదు.

గుంత అని అరవడం దగ్గర మొదట్లో మంచి వేడుక. మా గుంపులో తమిళంవాళ్ళు, కన్నడంవాళ్ళు, ఉర్దూవాళ్ళు, మేము తెలుగువాళ్ళం అందరం ఉన్నాము. ముందునుంచి ఒకరు "పళ్ళం" అంటారు, రెండోవారు "గుండి" అంటారు, సైకిలు షాపు అన్న "గడ్డా" అంటాడు, నేను "గుంత" అంటాను. ఒకే గుంతకు నాలుగు పేర్లు. అయినా ఎవరూ పడలేదు. మా హోసూరు తాలూకాలో పుట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు. సంతలో ఒక కట్ట కొత్తిమీరకు మూడు భాషల్లో బేరం చేస్తాము. నాకు ప్లస్ వన్ గురించి ఉన్న ఇంకొక భయం భాషది. ఇంతకాలం తెలుగులో చదివి అక్కడ ఇంగ్లీషులో ఎట్లా చదవాలి అని. ఆ భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అంతమంది మధ్య ఒక పూట గడిపి, అర్థం కానిది అడిగి తెలుసుకోవడం అలవాటైంది. మునుపు అడగాలంటేనే నోరు వచ్చేది కాదు.

మొదటి ఆదివారం చంద్రచూడేశ్వరస్వామి కొండ. హోసూరు పట్టణం పక్కనే ఉంటుంది. ఎన్నిసార్లో నడిచి ఎక్కినదే. సైకిలు మీద ఎక్కేటప్పుడు అదే కొండ రెండింతలు అయినట్టు అనిపించింది. సగంలో దిగి తోసుకుంటూ పోయాను. నర్సక్క కూడా దిగింది. తాను తొక్కగలదు, నాకు తోడుగా దిగింది. పైనుంచి చూస్తే రామనాయకన్ చెరువు, కంపెనీల రేకుల షెడ్లు, దూరంగా గులాబీ తోటలమీద కప్పిన తెల్లటి ప్లాస్టిక్ కప్పులు కనబడ్డాయి. మా పల్లె ఏ వైపో వెతికాను. కొండమీదనుంచి చూస్తే తొమ్మిది కిలోమీటర్లు చాలా దగ్గర.

ఇంకొక ఆదివారం కెలవరపల్లి ఆనకట్టకు పోయినాము. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి, బెంగళూరు పక్కగా పారి, మా తాలూకాలో తమిళనాడులోకి వచ్చి, చివరికి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుందని సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాము. ఆనకట్ట కింద నీళ్ళమీద తెల్లగా గుట్టలు గుట్టలుగా ఏదో తేలుతూ ఉంది. దూరంనుంచి మంచు అనుకున్నాను. దగ్గరికి పోతే నురగ. సబ్బు నీళ్ళూ మురికి కాలవా కలిసిన వాసన. పైన మహానగరంలో వాడి వదిలిన నీళ్ళు, కంపెనీల వ్యర్థాలు శుద్ధి కాకుండా నదిలో కలిసి, ఆనకట్ట గేట్లలోంచి దూకేటప్పుడు ఇట్లా నురగ కడతాయని మాతో ఉన్న మాస్టరు చెప్పారు. ఆ నీళ్ళతోనే కింద పొలాలు తడుపుతారు. మా పుస్తకంలో నది బొమ్మ నీలంగా ఉంటుంది. ఆ రోజు ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో నది గీసినప్పుడు తెల్ల రంగు వేశాను.

డిసెంబరు పదో తేదీకి దగ్గరి ఆదివారం తొరపల్లికి పోయినాము. 1878 డిసెంబరు 10న రాజాజీ అక్కడే పుట్టారు. స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్ అయిన ఒకే ఒక్క భారతీయుడు. ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా ఉంచారు. చిన్న పెంకుటిల్లు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే మాస్టరు ఒక సంగతి చెప్పారు. రాజాజీకి అయిదేండ్లప్పుడు వాళ్ళ కుటుంబం హోసూరుకు మారిందట. అక్కడి ప్రభుత్వ బడిలో ఆయన చదివారట. నాకు మిగిలినవన్నీ పక్కకు పోయి ఆ మాట ఒక్కటే మనసులో నిలిచింది. వాళ్ళు హోసూరుకు మారగలిగారు. మేము మారలేము. మాకు మూడు ఆవులు, గుత్తకు చేసే రాగి చేను ఉన్నాయి. బడి మా దగ్గరికి రాదు, మేము బడి దగ్గరికి మారలేము. మధ్యలో ఉన్నది దారి ఒక్కటే. దాన్నే సరిచేసుకోవాలి.

డిసెంబరులో ఒక వారం దేన్‌కనికోట వైపు పోవాలని అనుకున్నారు. అది అడవి వైపు. రాగి పంట చేతికి వచ్చే ఈ రోజుల్లోనే కర్ణాటక అడవుల్లోంచి ఏనుగుల మందలు మా వైపు వస్తాయి. జవళగిరి, సానమావు అడవుల్లో తిరుగుతూ రాత్రిళ్ళు చేలమీద పడతాయి. రైతులు మంచెలమీద కూర్చొని టపాకాయలు పేల్చి కాపలా కాస్తారు. ఆ వైపు పోయేటప్పుడు సంఘానికి వేరే పద్ధతి. ఎండ బాగా వచ్చాకనే బయలుదేరాలి. ముందురోజు సాయంత్రం ఆ దారి ఊళ్ళవాళ్ళకు ఫోను చేసి మంద ఎక్కడుందో అడగాలి. మేము సగం దారి పోయినాక ఒక ఊరి దగ్గర అటవీశాఖ కాపలా మనిషి ఆపి, "రోడ్డుకు దగ్గరలోనే ఉండాయి, పోవద్దండి" అన్నాడు. అందరం వెంటనే వెనక్కి తిరిగాము. అక్కడే టీ తాగి, ఆ ఊరి రచ్చబండమీద కూర్చొని, రాగి కుప్పలు వేసేవాళ్ళతో మాట్లాడి వచ్చాము. "దగ్గరదాకా వచ్చి తిరిగిపోతున్నామే" అని ఎవరూ బాధపడలేదు. వచ్చే వారం ఇంకొక దారి చూసుకున్నారు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఇది చెప్పాను. ఏనుగులున్న అడవి దారికే సంఘంవాళ్ళు అడిగి తెలుసుకొని పోతున్నారు, మన హోసూరు రోడ్డుకేమమ్మా అన్నాను. అమ్మ అప్పుడు అన్న మాట నేను మరిచిపోలేను. "ఏనుగు వస్తే ఊరంతా తప్పెట కొట్టి చెప్తారు. చెడ్డ మనిషి వస్తే ఎవురు చెప్తారు?"

నాకు జవాబు రాలేదు. రెండు రోజులు అదే ఆలోచించాను. సంఘంవాళ్ళు ఏనుగుల గురించి చేసే పనినే మా రోడ్డు గురించి చేస్తే ఎట్లా ఉంటుంది? ఎక్కడ ప్రమాదం, ఏ వేళలో, ఎవరిని అడగాలి? లెక్కల నోటుపుస్తకం వెనక మా ఇంటినుంచి హోసూరు బడిదాకా రోడ్డు గీశాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, నీకు ఎక్కడెక్కడ భయమో చెప్పమ్మా అన్నాను. అమ్మ వేలుపెట్టి నాలుగు చోట్లు చూపించింది. మొదటిది మా ఊరి బయట నీలగిరి తోపు, అర కిలోమీటరు ఇండ్లు లేవు. రెండోది బ్రాందీ అంగడి. మూడోది కంపెనీల మలుపు, షిఫ్టు మారే వేళ లారీలూ బస్సులూ ఒకేసారి వస్తాయి. నాలుగోది పెద్ద రోడ్డు దాటే చోటు.

నాలుగు! తొమ్మిది కిలోమీటర్లంతా భయం అనుకున్నది కాస్తా నాలుగు చోట్లయింది. మిగిలిన దారంతా ఇండ్లు, తోటలు, తెలిసిన అంగళ్ళు.

తరువాతి రెండు వారాలు వచ్చేపోయేవాళ్ళను అడిగి ఆ పటంలో వేళలు రాశాను. పాలకేంద్రం దగ్గర పొద్దున ఆరున్నరనుంచి ఎనిమిదిదాకా ఎప్పుడూ పదిమంది ఉంటారు. నీలగిరి తోపు పక్కనుంచి పూల తోటలకు కూలీలను తీసుకుపోయే బండ్లు ఏడున్నరకు పోతాయి. బ్రాందీ అంగడి పన్నెండుకు గాని తెరవరు, కాబట్టి పొద్దున దాని భయం లేదు. సాయంత్రం ఉంది. దానికి చెరువు గట్టుమీదుగా చుట్టుదారి ఉంది, ఒకటింపావు కిలోమీటరు ఎక్కువ అవుతుంది. కంపెనీల షిఫ్టు వేళ మా అన్నకే తెలుసు. దానికి పావుగంట ముందు ఆ మలుపు దాటితే రోడ్డు ఖాళీగా ఉంటుందని చెప్పాడు. పెద్ద రోడ్డు దగ్గర దిగి, నలుగురూ కలిసి, సైకిళ్ళు తోసుకుంటూ దాటాలి.

ఇంతలో మా సాంఘిక శాస్త్రం టీచరు ఒక సంగతి చెప్పారు. 1990ల మొదట్లో మన రాష్ట్రంలోనే పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచిందట. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు ఆడవాళ్ళకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించాలనుకున్నారట. లక్షమందికి పైగా ఆడవాళ్ళు నేర్చుకున్నారు. పొలం పనివాళ్ళు, రాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళు, అంగన్వాడీవాళ్ళు, పల్లె నర్సులు సైకిలెక్కారు. లేడీస్ సైకిళ్ళు దొరకక చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారట. పాత్రికేయుడు పి. సాయినాథ్ గారు అక్కడికి పోయి దీని గురించి రాశారు. ఆయన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి మనవడు, మన తెలుగువారే. బస్సు కోసం కాచుకోకుండా, మొగుడో కొడుకో తీసుకుపోవాలని ఎదురుచూడకుండా వాళ్ళు తమ పనికి తామే పోగలిగారు.

నేను తొక్కేది కూడా అన్న సైకిలే, మధ్యలో అడ్డకమ్మీ ఉంటుంది. మొదట్లో ఎక్కేటప్పుడు వీధిలో కొందరు నవ్వేవారు. పుదుక్కోట్టై సంగతి విన్నాక నాకు ఆ నవ్వు వినబడడం తగ్గింది. వాళ్ళు నవ్వడం మానలేదు, నేనే పట్టించుకోలేదు.

జనవరిలో నాకు తోక పని ఇచ్చారు. మా సంఘంలో అందరికంటే ముందు పోయేవాళ్ళను తల అంటారు, అందరికంటే వెనక వచ్చేవాళ్ళను తోక అంటారు. తలకు దారి తెలియాలి. తోకకు మనుషులు తెలియాలి. ఎవరూ తోకకంటే వెనక ఉండకూడదు. ఎవరి చైను ఊడినా, ఎవరికి ఆయాసం వచ్చినా తోక ఆగి, విజిల్ వేసి ముందువాళ్ళను ఆపాలి. అరవైమూడేండ్ల పెద్దాయన నాతోపాటు తోకలో ఉండి నేర్పించారు. ఆయన కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. "అలిసినవాళ్ళు అలిసినామని నోటితో చెప్పరు పాపా, భుజాలు చూడు. పైకి లేస్తాయి" అన్నారు. నిజమే. అలిసిపోయినవాళ్ళ భుజాలు చెవులదాకా వస్తాయి. ఎదురుగాలి ఉన్న రోజు అలిసినవాళ్ళను ఇంకొకరి వెనక దగ్గరగా పెట్టాలి. ముందువాళ్ళు గాలిని చీలుస్తారు, వెనకవాళ్ళకు తక్కువ బలం చాలుతుంది. ఫిజిక్సు పాఠంలో గాలి నిరోధం అని చదివినది నా మోకాళ్ళకు అప్పుడు అర్థమైంది.

తోకలో ఉన్నప్పుడే నాకు ఇంకొక ఆలోచన వచ్చింది. మేము నలుగురం కలిసి హోసూరుకు పోతే మాకూ ఒక తల, ఒక తోక ఉంటాయి కదా! వంతులు వేసుకోవచ్చు.

సంక్రాంతి అయిన తరువాతి ఆదివారం సంఘంవాళ్ళు మా కోసం దారి మార్చుకున్నారు. మా పల్లెకు వచ్చి, మా నలుగురిలో ముగ్గురిని కలుపుకొని, హోసూరు బడి గేటుదాకా తొక్కారు. మా నాయన మోపెడ్ మీద వెనకే వచ్చాడు. మాలో అందరికంటే మెల్లగా తొక్కే అమ్మాయి వేగంతోనే పోయినాము. 44 నిమిషాలు పట్టింది. బస్సు కోసం కాచుకొని, బస్సులో నిలబడి పోయినా దాదాపు అంతే.

ఇంటికి వచ్చి సంతోషంగా చెప్తే అమ్మ వెంటనే, "ఆదివారం రోడ్డు వేరు, పని దినం రోడ్డు వేరు" అంది. అమ్మ మాట న్యాయమే. అందుకని బడికి లోకల్ హాలిడే ఇచ్చిన ఒక శుక్రవారం మళ్ళీ పోయినాము. నర్సక్క నైట్ డ్యూటీ ముగించుకొని నిద్ర కూడా పోకుండా వచ్చింది. ఈసారి మోపెడ్ మీద నాయన వెనక అమ్మ కూర్చుంది. నీలగిరి తోపు దగ్గర కూలీల బండి ఎదురైంది. అందులోంచి పోయినేడు చదువు ఆపిన అక్కలు చేతులు ఊపారు. కంపెనీల మలుపు షిఫ్టుకు ముందే దాటాము. పెద్ద రోడ్డు దగ్గర దిగి తోసుకుంటూ దాటాము. 49 నిమిషాలు.

బడి గేటు ముందు అమ్మ దిగి చాలాసేపు లోపలికి చూసింది. మా అమ్మ అయిదో తరగతిదాకా చదివింది. హోసూరుకు సంతకు, ఆసుపత్రికి, గుడికి వందసార్లు వచ్చి ఉంటుంది. ఆ బడి ముందు ఎప్పుడూ నిలబడలేదంట. "ఎంత పెద్ద చెట్లుండాయి" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ సాయంత్రం నాయన మూడు మాటలు చెప్పాడు. నలుగురూ కలిసే పోవాలి, ఒంటరిగా పోకూడదు. చలికాలంలో సాయంత్రం స్పెషల్ క్లాసులుంటే ఆ రోజు తాను వచ్చి తీసుకుపోతాడు. పబ్లిక్ పరీక్షల్లో మార్కులు తగ్గకూడదు. మూడోది విని నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే ఆ మాట అన్నాడంటే మిగిలినదంతా ఒప్పుకున్నట్టే. మరుసటి రోజు అమ్మ తానే నా నోటుపుస్తకం పట్టుకొని మిగిలిన ముగ్గురి ఇండ్లకు పోయింది. పటం చూపించి, ఎక్కడ ఏ వేళకు ఎవరుంటారో నేను చెప్పినదానికంటే బాగా చెప్పిందంట. రెండు ఇండ్లలో సరే అన్నారు.

మూడో ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి మా క్లాసులో లెక్కల్లో అందరికంటే ముందు ఉంటుంది. వాళ్ళ నాయనకు రోడ్డు గురించి అంత భయం లేదు. ఆడపిల్ల హైరోడ్డుమీద సైకిలు తొక్కితే ఊరేమనుకుంటుందో అని ఆయన బాధ. ఆమె మాతో ఒక్క ఆదివారం కూడా రాలేదు. సాయంత్రాలు మా ఇంటి వెనక పొలం బాటలో నా సైకిలు తొక్కుతుంది. బాగా తొక్కుతుంది. ఆమెను అడిగి, ఆమె సరే అన్నాకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన బడి పత్రిక ప్రతి ఇంటికీ పోతుంది. వాళ్ళ ఇంటికీ పోతుంది. వాళ్ళ నాయన తెలుగు బాగా చదువుతాడు, శ్రీరామనవమికి గుడిలో రామాయణం చదివేది ఆయనే. అందుకని ఇక్కడ ఆయనకు ఒక మాట చెప్పుకుంటున్నాను, చిన్నపిల్లను, తప్పుగా అనుకోవద్దు.

మామా, ఊరేమనుకుంటుందో అని మా అమ్మకూ ఉండేది. ఆ శుక్రవారం రోడ్డుమీద మమ్మల్ని చూసినవాళ్ళలో పాలకేంద్రం తాత "జాగ్రత్తగా పోండమ్మా" అన్నాడు. టీ అంగడి అవ్వ "ఏ బడికి?" అని అడిగింది. కూలీల బండిలో అక్కలు చేతులు ఊపారు. మా పటంలో వాళ్ళందరి పేర్లూ రాసిపెట్టుకున్నాము. ఊరంటే వాళ్ళే కదా. పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో మళ్ళీ ఒక ఆదివారం హోసూరుదాకా పోతున్నాము. ఎండలు వచ్చేస్తాయి కాబట్టి పొద్దున ఆరుకే బయలుదేరతాము. మీ పాత సైకిలుకు గాలి కొట్టించుకొని మీరూ రండి. మీకు అలుపు వస్తే ఆగుతాము, గుంపు మీ వేగంతోనే పోతుంది. తోకలో నేను ఉంటాను. మీ అమ్మాయికి తలలో చోటు పెట్టాము, లెక్కల్లో ముందున్నదానికి దారి లెక్క కూడా బాగా తెలుసు.